భూమికి బాకీ

నిద్ర లేచి పాదం మోపే ముందు భూమికి క్షమాపణ చెప్పుకోవడం మన ఇళ్లలో పాత అలవాటు. కాలు తగిలినందుకే మన్నింపు కోరితే, విషం పోసినందుకు ఏం చెయ్యాలి?

భోపాల్‌లో 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు వెలువడింది. ఆ రాత్రి సంగతి అందరికీ తెలుసు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆవరణలోనూ, బయటి గుంటల్లోనూ పారబోసిన వ్యర్థం మాత్రం చప్పుడు లేకుండా నేలలోకి ఇంకింది. చుట్టుపక్కల బస్తీల్లో బోరింగులకు ఎర్ర రంగు పూసి, ఈ నీళ్లు తాగొద్దని రాశారు. దాహం వేసిన పిల్లవాణ్ణి రంగు ఆపుతుందా?

2025 జనవరిలో ఆ కర్మాగారంలోని 337 టన్నుల వ్యర్థాన్ని 12 కంటైనర్లలో పీథంపూర్ అనే మరో పట్టణానికి తరలించి, జూన్ చివరికల్లా కాల్చేశారు. అక్కడి జనం రోడ్డెక్కారు. వాళ్లు అడిగింది ధర్మమైన ప్రశ్నే: పాపం ఒకడిదైతే ప్రాయశ్చిత్తం మరొకడి వాకిట్లోనా? చేసింది ఒప్పుకోవడమే ప్రాయశ్చిత్తానికి మొదటి మెట్టు అంటారు పెద్దలు. యూనియన్ కార్బైడ్‌ను కొన్న డౌ కెమికల్ మాత్రం ఆ బాధ్యత తనది కాదనే అంటూ వచ్చింది.

భోపాల్ కర్మాగారం ఉన్న స్థలంలో స్మారకం కట్టాలన్న ఆలోచన మంచిదే. కానీ పునాది తవ్వే ముందు మట్టినీ, నీటినీ శుభ్రం చెయ్యాలి. పీథంపూర్ వెళ్లింది మూటగట్టిన వ్యర్థమే. నేలలో ఇంకింది భోపాల్‌లోనే ఉంది.