పళ్ళెంలోకి వచ్చేది ఒక్కటే ఆహారమా?

 

పోయినవారం వీడియోలో ఆహారశుద్ధి గురించి చెప్తూ, మా ఇంట్లో పాలు, పెరుగు, నెయ్యి దాదాపు మానేశామని ఒక్క ముక్క అన్నాను. మా చెల్లి బైబిల్, టాల్‌స్టాయ్ చదువుతోందని కూడా అన్నాను. టైం అయిపోయి అక్కడితో ఆపేశాను. సగంలో వదిలిన ఆ మాటని ఈ రోజు పూర్తి చేస్తాను. ముందే చెప్తున్నా, ఇందులో నా గొప్పేమీ లేదు. నేను చేసిన ఒక తప్పు గురించే ఎక్కువ చెప్పాలి.

మాది తెనాలి వైపు కుటుంబం. నేను పుట్టకముందే కూకట్‌పల్లిలో స్థిరపడ్డారు. మాంసం మా ఇంట్లో ఎప్పుడూ లేదు. కానీ గడ్డపెరుగు లేకుండా భోజనం ముగిసేది కాదు. రెండేళ్ళ క్రితం మన ఛానెల్ కోసం ఒక గోశాలలో షూటింగ్ చేశాం. అక్కడున్నవాటిలో ఎక్కువ కోడెదూడలు, పాలు ఉడిగిన ఆవులు. "ఇవన్నీ ఎవరివి?" అని అడిగాను. చూసుకునే పెద్దాయన నవ్వి, "మీరు తాగిన పాల తాలూకు దూడలే బాబూ" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆవు పాలివ్వాలంటే ఈనాలి. ఈనిన ప్రతిసారీ ఆడదూడే పుట్టదు కదా! ఒకప్పుడు కోడెదూడ ఎదిగి నాగలి లాగేది, బండి లాగేది. ట్రాక్టర్ వచ్చాక దానికి పని లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో రోడ్ల మీద తిరిగే దిక్కులేని పశువులు 50 లక్షలకు పైనే. మనం రోజూ గోమాతకి దణ్ణం పెడతాం. ఆవిడ బిడ్డ ఏమయ్యాడని నేను మాత్రం అప్పటిదాకా ఒక్కసారీ అడగలేదు.

సరిగ్గా అప్పుడే బెంగళూరులో ఉద్యోగం చేసే మా చెల్లి సెలవుకి వచ్చింది. తన బ్యాగులో మూడు పుస్తకాలు. సహోద్యోగి ఇచ్చిన తెలుగు బైబిల్, థామస్ అ కెంపిస్ రాసిన క్రీస్తు అనుసరణ, టాల్‌స్టాయ్ వ్యాసాలు. ఆ వ్యాసాల్లో మొదటి మెట్టు అని ఒకటి ఉంది, 1892 నాటిది. టాల్‌స్టాయ్ తూలా పట్టణంలో పశువధశాలకి వెళ్ళి, అక్కడ చూసింది చూసినట్టు రాశారు. మంచి జీవితానికి మొదటి మెట్టు నిగ్రహం, ఆ నిగ్రహం తిండి దగ్గరే మొదలవ్వాలి అని ఆయన వాదన. ఆయన మానేసింది మాంసమే. కానీ గోశాల చూసి వచ్చిన నాకు ఆ వ్యాసం పాలగిన్నె దాకా వచ్చి ఆగింది.

అంటే, గోవు గురించి నన్ను కదిలించిన రాత ఒక రష్యన్ క్రైస్తవుడిది. ఇది నాకే కొంచెం ఇబ్బందిగా అనిపించింది. మా నాన్నకైతే ఇబ్బంది కాదు, భయం. "అమ్మాయి దారి మారుతోందేమోరా" అని రాత్రిపూట నన్ను బాల్కనీలోకి పిలిచి మెల్లగా అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. కూతురు చేజారిపోతుందేమో అన్న దిగులది.

అప్పుడు నాన్నకి నేను చెప్పింది గాంధీగారి సంగతి. 1888లో మద్యం, మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చి ఆయన లండన్ వెళ్ళారు. అక్కడ ఒక శాకాహార వసతిగృహంలో ఒక క్రైస్తవుడు పరిచయమయ్యాడు. అతనూ మాంసం తినడు. అతని ప్రోత్సాహంతోనే గాంధీగారు బైబిల్ కొన్నారు. పాత నిబంధన చదువుతుంటే నిద్ర వచ్చేదట. కానీ కొండమీద ప్రసంగం నేరుగా మనసుకి తాకిందని తన ఆత్మకథలో రాసుకున్నారు. అసలు విషయం ఏంటంటే, ఆయన భగవద్గీతని మొదటిసారి చదివింది కూడా ఆ లండన్ రోజుల్లోనే, ఎడ్విన్ ఆర్నాల్డ్ చేసిన ఇంగ్లీషు అనువాదంలో! పక్కవాళ్ళ పుస్తకం చదివితే మన పుస్తకం దూరమవుతుందని భయపడతాం. ఆయన విషయంలో రెండూ కలిసే దగ్గరయ్యాయి.

స్వామి వివేకానంద పరివ్రాజకుడిగా దేశం తిరిగినప్పుడు తనతో ఉంచుకున్న పుస్తకాలు రెండు. ఒకటి భగవద్గీత. రెండోది మా చెల్లి బ్యాగులో ఉన్న ఆ క్రీస్తు అనుసరణే. ఇది విన్నాక నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరే, చదవనీ" అన్నారు. భయం పూర్తిగా పోలేదు, మాట మాత్రం మెత్తబడింది.

ఇప్పుడు ఛాందోగ్యోపనిషత్తుకి వద్దాం. ఏడో అధ్యాయంలో నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వెళ్తాడు. "నీకు ముందు ఏం తెలుసో చెప్పు" అంటాడు గురువు. నారదుడు పెద్ద జాబితా చదువుతాడు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, గణితం, తర్కం, నక్షత్రవిద్య... మనం ఇంటర్వ్యూలో రెజ్యూమే చదివినట్టు. అంతా చెప్పి చివర్లో, ఇన్ని తెలిసినా నాకు దుఃఖం పోలేదు స్వామీ అంటాడు. ఎంత నిజాయితీ చూడండి! ఆ బోధ ముగిసే చోట వస్తుంది మనందరం విన్న మాట. ఆహారం శుద్ధమైతే అంతఃకరణం శుద్ధమవుతుంది, దానివల్ల ఎరుక నిలబడుతుంది, ముడులు విడిపోతాయి అని.

ఇక్కడ ఆహారం అంటే ఏంటి? రామానుజుల సంప్రదాయం దీన్ని తినే తిండిగానే తీసుకుంటుంది. ఏది తింటున్నాం, ఎవరి చేతిది, ఎలా వచ్చింది అని చూస్తుంది. శంకరులు ఇంకొంచెం విస్తరించారు. ఇంద్రియాల ద్వారా లోపలికి తెచ్చుకునేదంతా ఆహారమే అన్నారు. కళ్ళతో చూసేది, చెవులతో వినేది, చదివేది, అన్నీ. అంటే పళ్ళెంలోది ఆహారమే, పుస్తకంలోది ఆహారమే, రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో మనం వేలితో తోస్తూ పోయేదీ ఆహారమే. రెండు అర్థాలూ మనకి కావాలి. ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి నేనే పెద్ద ఉదాహరణ.

పోయిన శ్రావణమాసం, వరలక్ష్మీవ్రతం రోజు. నేను వీగన్ అయి అప్పటికి ఐదు నెలలు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అంటారే, అలా ఉన్నాను. పూజ అయ్యాక అమ్మ పంచామృతం ఇవ్వబోయింది. చుట్టూ ముత్తైదువలు ఉన్నారు. నేను చెయ్యి వెనక్కి తీసుకుని, "దూడ నోటి దగ్గర లాక్కున్న పాలు అమ్మవారికి పెడితే పుణ్యమా అమ్మా?" అన్నాను. అందరూ వినేలా అన్నాను.

అంతకుముందు కూడా గీత పదిహేడో అధ్యాయం తెచ్చి అమ్మకి సాత్త్వికాహారం గురించి క్లాసు పీకేవాణ్ణి. "అందులో స్నిగ్ధం అని కూడా ఉంది కదరా, అంటే నెయ్యి లాంటిదేగా?" అని ఆవిడ నవ్వేసేది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. తల దించుకుని గిన్నె పక్కన పెట్టి, అందరికీ తాంబూలాలు ఇచ్చింది. ఆ రాత్రి భోజనం చెయ్యలేదు.

నేను గదిలోకి వెళ్ళి ధ్యానానికి కూర్చున్నాను. కూర్చోగలిగాను కూడా, అదీ నా పరిస్థితి. చెల్లి వచ్చి ఎదురుగా కూర్చుంది. "అన్నయ్యా, నా పుస్తకాల్లో నీకు పనికొచ్చేది ఒక్కటే చదివావు. ఇది కూడా చదువు" అని మత్తయి సువార్త ఐదో అధ్యాయం తీసి ఇచ్చింది. గాంధీగారి మనసుకి తాకిందని నేను నాన్నకి చెప్పిన కొండమీద ప్రసంగం అదే. పేరు వాడుకున్నానే గానీ చదవలేదు. అందులో ఏసు చెప్పిన ఒక మాట సారాంశం ఇది. నువ్వు దేవుడికి కానుక అర్పించడానికి బలిపీఠం దాకా వెళ్ళావు. అక్కడ నీ సోదరుడికి నీ మీద నొప్పి ఉందని గుర్తొచ్చింది. అయితే కానుక అక్కడే వదిలెయ్. ముందు వెళ్ళి అతనితో సమాధానపడు. ఆ తర్వాత వచ్చి అర్పించు.

నా జపమాల చేతిలోనే ఉంది. అమ్మ వంటింట్లో ఉంది.

లేచి వెళ్ళాను. అమ్మ గిన్నెలు కడుగుతోంది. గట్టు మీద చిన్న స్టీలు గిన్నె, దాని మీద మూత. తీసి చూస్తే బెల్లం పరమాన్నం. కొబ్బరిపాలతో చేసింది. జీడిపప్పు కొబ్బరినూనెలో వేయించింది. తెల్లవారుజామున మూడున్నరకి లేచి, అందరికీ చేసేదానితో పాటు ఇదీ చేసి, అమ్మవారికి రెండూ నైవేద్యం పెట్టింది. "నువ్వు ప్రసాదం లేకుండా ఉండకూడదని చేశాన్రా. చెప్పేలోపే నువ్వు అనేశావు" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. అది ఇంకా కష్టంగా ఉంది.

కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఆ రాత్రి పదకొండింటికి ఇద్దరం అదే గిన్నెలోంచి తిన్నాం.

తర్వాత గీత మళ్ళీ తెరిచాను. పదిహేడో అధ్యాయంలో ఆహారం గురించిన భాగం పదో శ్లోకంతో అయిపోతుంది. నేను ఎప్పుడూ అక్కడే ఆగేవాణ్ణి. ఇంకో ఐదు శ్లోకాలు ముందుకి వెళ్తే, పదిహేనో శ్లోకంలో శ్రీకృష్ణుడు వాక్కుతో చేసే తపస్సు చెప్తాడు. ఎదుటివాళ్ళని కలతపెట్టకూడదు, నిజం కావాలి, ప్రియంగా ఉండాలి, మేలు చెయ్యాలి. నేను అమ్మతో అన్న మాటలో నిజం ఉంది. మిగతా మూడూ లేవు. లోపలికి వెళ్ళేదాన్ని శుద్ధి చేసుకుని, బయటికి వచ్చేదాన్ని వదిలేశాను. నోరు ఒక్కటే కదా, రెండు వైపులా కాపలా ఉండాలి.

గాంధీగారి ఇంట్లోనూ ఇలాంటిది ఉంది. దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ పేరు పెట్టుకున్న క్షేత్రంలో, 1912లో, ఆయనా మిత్రుడు కాలెన్‌బాక్ కలిసి పాలు మానేశారు. బ్రహ్మచర్య నిష్ఠ ఒక కారణం. కలకత్తాలో పశువుల్ని పెట్టే హింస గురించి చదవడం ఇంకో కారణం. తర్వాత 1918లో ఒక పండగ రోజు కస్తూర్బా ఆయనకి ఇష్టమైన గోధుమ తీపి వంటకం చేశారు. నెయ్యి వెయ్యలేదు, నూనెతో చేశారు. ఆయన వ్రతం ఆవిడకి గుర్తుంది. ఆయనేమో వద్దనుకుంటూనే ఎక్కువ తినేసి జబ్బుపడ్డారు. ఆ జబ్బు ముదిరి ఒళ్ళు నీరసించిపోయినప్పుడు, మీ వ్రతం ఆవు గేదె పాల గురించే కదా, మేకపాలు తాగొచ్చు కదా అని దారి చూపింది కూడా కస్తూర్బాయే. ఆయన తాగారు. వ్రతంలో అక్షరం నిలబెట్టాను గానీ ఆత్మ నిలబెట్టలేదని బాధపడుతూ రాసుకున్నారు కూడా.

మనం మహాత్ముడి వ్రతం గురించి మాట్లాడుకుంటాం. నెయ్యి బదులు నూనె పోసిన చేతి గురించి మాట్లాడుకోం. ఒకరు వ్రతం పడితే ఇంట్లో ఇంకొకరు తెల్లవారుజామున లేవాల్సి వస్తుంది. ఆ మనిషిని చూడని వ్రతం అహంకారానికే నైవేద్యం.

ఇప్పుడు మా ఇంట్లో ఎలా ఉందంటారా? కార్తీకమాసంలో అమ్మ తనంతట తనే అభిషేకానికి కొబ్బరినీళ్ళు, చెరుకురసం మొదలుపెట్టింది. దీపానికి నువ్వులనూనె. పల్లీల పాలు తీసి, పచ్చిమిరప తొడిమలు వేసి పెరుగు తోడుపెట్టడం నేను నేర్చుకున్నాను, ఆ పని ఇప్పుడు నాదే. నాన్న మధ్యాహ్నం ఒక గ్లాసు మజ్జిగ తాగుతారు. నేను లెక్కపెట్టను. ఇంకో మాట, వీగన్ తిండిలో బీ12 విటమిన్ సహజంగా దొరకదు. డాక్టర్‌ని అడిగి మాత్ర వేసుకోండి. శరీరాన్ని పాడుచేసుకోవడం తపస్సు కాదు, ఆ మాట కూడా కృష్ణుడు అదే అధ్యాయంలో చెప్పాడు.

"మరి వెన్నదొంగకి వెన్న పెట్టకూడదా?" అని మీలో చాలామందికి ఉంటుంది. గోకులంలో దూడ కూడా ఇంటి బిడ్డే. మీకు తెలిసిన ఇంట్లో, దూడకి వదిలి తీసిన పాలతో వెన్న పెడితే నేను తప్పనను. తొమ్మిదో అధ్యాయంలో స్వామి తనకోసం అడిగినవి ఆకు, పువ్వు, పండు, నీళ్ళు. అవి భక్తితో ఇస్తే చాలన్నాడు. ఆ జాబితాలో పాలు లేవని అమ్మకి చూపించబోయాను. చూపించలేదు. అదే నాలో వచ్చిన మార్పు.

చెల్లి ఇప్పటికీ ఆ పుస్తకాలు చదువుతోంది. ఏకాదశి ఉపవాసమూ చేస్తోంది. నాన్న మొన్న కళ్ళజోడు పెట్టుకుని క్రీస్తు అనుసరణ తిరగేస్తూ కనిపించారు. "వినయం గురించి బాగా చెప్పాడ్రా" అన్నారు.

ఈ వారం మీకు ఒక చిన్న సాధన. మీరు ఏది మానేసినా, ఏది కొత్తగా చదివినా, రాత్రి పడుకునే ముందు ఒక్కటి చూసుకోండి. దీనివల్ల ఇంట్లోవాళ్ళతో నా మాట మెత్తబడిందా, గట్టిపడిందా? మెత్తబడితే ఆ ఆహారం శుద్ధమైనదే, ఏ వంటింట్లోంచి వచ్చినా, ఏ గ్రంథంలోంచి వచ్చినా. గట్టిపడితే, పూజ కాసేపు ఆపి వంటింట్లోకి వెళ్ళండి. మూతపెట్టిన గిన్నె ఒకటి మీకోసం కూడా ఉండొచ్చు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.