ఉస్తెద్ అంటే మీరు

సావనీర్ సంపాదకుల నుంచి నాలుగోసారి వచ్చిన వాట్సాప్‌లో ఒక్క మాటే ఉంది: "శుక్రవారం." అంశం ఎప్పటిదే, ప్రవాసంలో విలువలు. డాలస్ శివారులో ఉంటూ ఏటా ఈ సంచికకి ఏదో ఒకటి రాసిచ్చే ఆవిడ, సంక్రాంతి ముగ్గుల పోటీ మీద అప్పటికే రెండు పేరాలు రాసేసింది. భుజం మీంచి తొంగిచూసిన పదకొండేళ్ళ కూతురికి ముగ్గులు పట్టలేదు. "అమ్మా, మనం శాంటా మార్టా వెళ్ళిపోతే ఇంట్లో పని చెయ్యడానికి రోజూ ఒకావిడ వస్తుందన్నారు కదా నాన్న. ఆవిణ్ణి నువ్వు అనాలా, మీరు అనాలా?"

ముగ్గుల వ్యాసం అక్కడితో ఆగిపోయింది.

శాంటా మార్టా ఊసు ఆ ఇంట్లో ఏడాదిగా నానుతోంది. ఆవిడ భర్తది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. రెండు లేఆఫ్‌లు తప్పించుకుని మూడోదాని కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్న మనిషి. ఆయన ఎక్సెల్ షీటులో ఎడమ పక్క ప్రాపర్టీ ట్యాక్సు, ఇన్సూరెన్సు, రెండు కార్లు, కూచిపూడి, కూమాన్ ట్యూషను. కుడి పక్క కొలంబియా. ఆ షీటు గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ఈ సంచిక చదివే ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటుంది, ఊరి పేరే తేడా.

కుడి పక్క ఊరు చిన్నదేం కాదు. కరీబియన్ ఒడ్డున 1525లో రొద్రిగో దె బస్తీదాస్ కట్టిన శాంటా మార్టా, కొలంబియాలో స్పెయిన్‌వాళ్ళు వేసిన ఊళ్ళలో నిలిచినవాటన్నిటికన్నా పాతది. 2025లో అయిదు వందల ఏళ్ళు నిండాయి. దక్షిణ అమెరికాలో సగాన్ని స్పెయిన్ చేతిలోంచి విడిపించిన సిమోన్ బొలీవర్ 1830 డిసెంబరులో ఈ ఊరి శివారు చెరకు తోటలోనే కన్నుమూశాడు. పదకొండో అక్షాంశం మీద, చెప్పు లేకపోతే ఇసక మీద కాలు పెట్టనివ్వని ఎండలో నిలబడి, సముద్రానికి వీపు తిప్పితే, మబ్బు లేని పొద్దున మంచు కొండలు కనిపిస్తాయి. సియెర్రా నెవాదా శిఖరాలు సుమారు 5,700 మీటర్లు, సముద్రం నుంచి నలభై కిలోమీటర్లు దాటితే చాలు. కాకినాడ బీచిలో నుంచుని హిమాలయాలు చూసినట్టు ఉంటుందని ఆయన అన్నాడు. పోయిన డిసెంబరులో పది రోజులు వెళ్ళి చూసొచ్చినప్పటి మాట అది. డిసెంబరులో కొండల మీంచి దిగే గాలికి అక్కడివాళ్ళు పిచ్చిగాలి అని పేరు పెట్టుకున్నారు. అదొచ్చి బాల్కనీలో ఆరేసిన తువాళ్ళన్నీ ఎత్తుకుపోయిందన్నది షీటులో చేరని సంగతి.

తువాళ్ళంటే గుర్తొచ్చింది. స్పానిష్‌లో తువాలు తొవాయా. బొత్తాం బొతోన్, బొప్పాయి పపాయా, అలమర అర్మారియో. ఇల్లు కట్టే మేస్త్రిని అక్కడ కూడా మాయెస్త్రో అనే పిలుస్తారు. ఇందులో మాయేమీ లేదు. పోర్చుగీసువాళ్ళు మన రేవుల్లో దింపిపోయిన మాటలకి అక్కాచెల్లెళ్ళు అవి. ఆ కొలంబియా ఒడ్డుకి అక్కడి పేరు "లా కోస్తా", అక్కడి మనుషులు కోస్తేన్యోలు. బడిలో స్పానిష్ నేర్చుకుంటున్న కూతురు ఇది విని ఎగిరి గంతేసింది, "మనమూ కోస్తావాళ్ళమే కదా!" అని. పచ్చి మామిడి ముక్కలకి ఉప్పు, నిమ్మరసం పట్టించి కప్పుల్లో పోసి రోడ్డు మీద అమ్ముతున్నారు. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి కారం పొట్లం తీసి చల్లింది. సపోటా జ్యూసు కావాలని "సపోతే" అని అడిగితే మాత్రం ఎర్రగుజ్జు ఉన్న వేరే పండేదో తెచ్చారు. మన సపోటా అక్కడ నీస్పెరో.

ఇక కాగితాలు. 2022 అక్టోబరు నుంచి కొలంబియా డిజిటల్ నోమాడ్ వీసా ఇస్తోంది. గరిష్ఠంగా రెండేళ్ళు. జీతమిచ్చే కంపెనీ దేశం బయట ఉండాలి, నెల ఆదాయం అక్కడి కనీస వేతనానికి మూడు రెట్లుండాలి. ఏ ఏడాదిలోనైనా 183 రోజులు దాటి ఉంటే అక్కడి పన్ను కూడా పడుతుంది. అమెరికా పాస్‌పోర్టు వచ్చినవాళ్ళు ఎక్కడున్నా ఐఆర్‌ఎస్‌కి లెక్క చెప్పడం తప్పదు. మెడికేర్ సరిహద్దు దాటదు. నీళ్ళు ట్యాంకర్లలో వస్తాయి, ఆ ఊరికి అది పాత రోగం, కింద సంపు లేని అపార్ట్‌మెంటు చూడనే కూడదు. సంపు అనగానే అర్థమైపోయేవాళ్ళం కాబట్టి మనకి పరవాలేదు.

ఆవిడ పెన్ను ఆగిన చోటు కనీస వేతనం. 2025లో అది నెలకి 14,23,500 పెసోలు, రవాణా భత్యం వేరు. డాలర్లలో మూడు వందల యాభైకి అటూ ఇటూ. రెండు కూచిపూడి క్లాసులు, ఒక కూమాన్. ఒక మనిషి నెలంతా పనిచేస్తే వచ్చేది అంత. షీటులో కుడి పక్క అంకెలు అంత ముచ్చటగా ఉండడానికి కారణం సముద్రం కాదు, ఇది.

ఇండియన్ పాట్‌లక్‌లో ఈ మాట పొక్కిన రోజు నుంచి పిన్నులూ వదినలూ అడుగుతున్నది వేరు. ఆదివారం తెలుగు బడి ఉండదు, పిల్లలు భాష మర్చిపోరూ? భయం ఉత్తదేం కాదు. 1838 నుంచి 1917 వరకు దాదాపు 2,39,000 మంది భారతీయులు బ్రిటిష్ గయానా చెరకు తోటలకి వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తాలో ఓడెక్కినా, మద్రాసులో ఎక్కినవాళ్ళలో తమిళులూ ఉన్నారు, తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇవాళ వాళ్ళ మునిమనవలు అమ్మవారి పూజ చేస్తారు. ఆ పూజలో మోగే డప్పుని ఇప్పటికీ "తప్పు" అనే అంటారు. మాట్లాడేది మాత్రం ఇంగ్లీషు. ఇటు కొలంబియాలోనే, కార్తహేనా నగరానికి యాభై కిలోమీటర్ల దూరంలో పలెంకె అనే పల్లె ఉంది. బానిసత్వం నుంచి పారిపోయిన ఆఫ్రికావాళ్ళు కట్టుకున్న ఊరు. స్పానిష్‌లో కికోంగో కలిసిన వాళ్ళ పలుకుని చుట్టుపక్కలవాళ్ళు తరాల తరబడి వెక్కిరించారు. అయినా ఇంట్లో వదల్లేదు. ఇప్పుడది బడిలో చెబుతున్నారు, 2005లో ఆ పల్లె సంస్కృతికి యునెస్కో గుర్తింపూ వచ్చింది. ఆదివారం గంటన్నర క్లాసుతో తెలుగు నిలుస్తుందనుకునేవాళ్ళు ఒకసారి ఆ పల్లెని తలుచుకోవచ్చు. కారెక్కగానే పిల్లలు ఏ భాషలోకి దిగిపోతారో మనందరికీ తెలుసు.

వెళ్ళడం వైపు సగం, ఉండిపోవడం వైపు సగం, తూకం వేసినట్టు రాద్దామనే ఆవిడ మొదలుపెట్టింది. ఇక్కడిదాకా వేసింది కూడా. ఇక తూకం వల్ల కాదు.

ఆ పది రోజులూ తీసుకున్న అపార్ట్‌మెంటులో వంటింటి వెనక చిన్న గది ఉంది. పనివాళ్ళ గది. మంచం పట్టేంత చోటు, ఒక మూల స్నానానికి కుళాయి. ఇంటివాళ్ళు మాట్లాడిపెట్టిన ఒకావిడ మూడు రోజులు వచ్చి ఊడ్చి, చేప వేయించి, కొబ్బరిపాలతో అన్నం వండింది. యాభై దాటి ఉంటాయి. పిల్ల బడిలో నేర్చుకున్నట్టే ఆవిణ్ణి "ఉస్తెద్" అంది. మీరు అని. ఆవిడ నవ్వి, బుగ్గ నిమిరి, "తూ" అనమంది. అంటే నువ్వు. పిల్లకి అది నచ్చలేదు. ఇంగ్లీషులో ఈ గొడవే లేదు, తెలుగులో తాతయ్యని నువ్వు అంటే అమ్మ కళ్ళెర్రజేస్తుంది. మరి కాకినాడలో నానమ్మ తనకన్నా పెద్దదైన పనామెని "ఒసే" అంటుందేం? ఈ ప్రశ్నకి ఆ సాయంత్రం తల్లి దగ్గర జవాబు లేదు, ఇవాళా లేదు.

ఇంకో ముక్క కూడా రాయాలి. రెండో రోజు పొద్దున తనే కాఫీ కలిపి, ఏమీ ఆలోచించకుండానే, పనికి వచ్చినావిడకి అంచు విరిగిన కప్పులో పోసింది. అలమరలో ఎనిమిది మంచి కప్పులున్నాయి. ఇరవై ఏళ్ళ అమెరికా చెయ్యి అది. సొంత గిన్నెలు సొంతంగా తోముకుని, ప్లంబర్‌ని సర్ అని పిలిచి, సమానత్వం గురించి ఈ సంచికలోనే రెండుసార్లు రాసిన చెయ్యి. చిన్నప్పుడు పెరటి గోడ మీద బోర్లించి ఉండే పనామె గ్లాసుని అది మర్చిపోలేదు. కూతురు చూసింది, ఏమీ అనలేదు. మర్నాడు పిల్లే లేచి కాఫీ పోసింది, తన కప్పులో.

అక్కడ ఇళ్ళకి ఒకటి నుంచి ఆరు దాకా తరగతులున్నాయి. కింది తరగతుల వీధులకి కరెంటూ నీళ్ళూ రాయితీ మీద ఇస్తారు, అయిదూ ఆరూ వీధులవాళ్ళు పైన కలిపి కడతారు. ఆ అంకె బిల్లు మీద అచ్చేసి ఉంటుంది. మన ఊళ్ళలో పేట పేరు చెబితే సరిపోతుంది, వాళ్ళు అంకె వేశారు, అంతే. ఆయన షీటులో ఉన్నది ఆరో అంకె వీధి, సముద్రం కనిపించే పదకొండో అంతస్తు. ఇక్కడ బడి తరగతిలో ముప్పై మందిలో ఒకతె అయిన పిల్ల, అక్కడ పదిహేను గంటల్లో, రెండు విమానాలు మారేసరికి, దొరసాని అయిపోతుంది. తనేం చేసిందని? తెలుగువాళ్ళు ఆ ఖండానికి మొదటిసారి వెళ్ళింది కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి. ఇప్పుడు వెళ్ళేది కూలికి మనిషిని పెట్టుకోవడానికి. చవక అన్న మాట మీద ఆవిడకి విసుగు పుట్టింది అందుకే. భాష పోతుందని కాదు, పిల్లలకి చాకిరీ చేయించుకోవడం చాలా తొందరగా వంటబడుతుందని.

అక్కడి చట్టం మనకన్నా నయమని ఒప్పుకోవాలి. 2016లో వచ్చిన 1788వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపని చేసేవాళ్ళకి కూడా ఏటా ఒక నెల జీతమంత బోనస్ ఇవ్వాలి. సగం జూన్ 30 లోపు, సగం డిసెంబరు 20 లోపు. వారానికి రెండు మూడు రోజులే వచ్చినా లెక్క కట్టి ఇవ్వాల్సిందే, పెన్షనుకీ కట్టాల్సిందే. ఆయన షీటులో ఈ ఖర్చులేవీ లేవు. పనిమనిషి అన్న చోట ఒకే ఒక్క అంకె, పక్కన నవ్వుముఖం బొమ్మ.

వ్యాసం సంపాదకులకి పంపే ముందు ఆవిడ ఆ షీటు మరోసారి తెరిచింది. ఎవరో కొత్తగా మూడు వరసలు చేర్చారు. జూన్ బోనస్, డిసెంబరు బోనస్, పెన్షను. నవ్వుముఖం బొమ్మ తీసేసి ఉంది. పనిమనిషి అన్న మాట కొట్టేసిన చోట ఖాళీ, పక్కన గడిలో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "పేరు కనుక్కోవాలి."