బొచ్చెత్వం ఎక్కడుంటుంది?

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు ఒకే చెరువులో పెరుగుతాయి, ఒకే వలలో పడతాయి. వల ఒడ్డుకు లాగగానే ఏరేవాళ్ల చేతులు వేటిని వాటి గంపలోకి విసిరేస్తాయి. ఆ చేతులు దేన్ని గుర్తుపడుతున్నాయి? మూడు రకాల చేపల్లో మూడు ధర్మాలు నిజంగా ఉన్నాయా, లేక పేర్లు మూడున్నాయి కాబట్టి రకాలు మూడయ్యాయా? మన తర్కశాస్త్రంలో ఇది జాతిని గురించిన వాదం. ఆవునూ కుండనూ ముందు పెట్టుకుని న్యాయదర్శనం వాళ్లైన నైయాయికులూ బౌద్ధులూ శతాబ్దాల తరబడి దీని మీద తగువులాడారు. ఆవును గుర్తుపట్టడంలో ఎవరికీ తికమక లేదు కాబట్టి ఆ ఉదాహరణ వాదాన్ని కొంత తేలిక చేసింది. మంచినీటి చేప అంత సులువుగా చేతికి చిక్కదు.

చేపను పోల్చుకోవాలంటే ముందు మూతి చూడాలి. బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది, కింది దవడ ముందుకు పొడుచుకొస్తుంది. నీటి పైపొరలో తేలే సూక్ష్మజీవులను మింగి బతికే చేపకు అలాంటి నోరే కావాలి. తెలంగాణ చెరువుల దగ్గర రవ్వ అని పిలిచే శీలావతి నడిమి నీటిలో తిరుగుతుంది. దాని పెదవులకు కుచ్చులాంటి అంచు ఉంటుంది. ఎర్రమోసు నోరు వెడల్పుగా ఉండి కిందివైపుకు తెరుచుకుంటుంది, అడుగున కుళ్లిన ఆకులూ మడ్డీ దాని తిండి. ఈ మూడింటినీ కలిపి పెంచే పద్ధతి ఈ మూడు అంతస్తుల మీదే నిలబడింది. మూతి పోల్చినవాడు చేప ఉండే నీటినీ పోల్చినట్టే. అదే ఒంటి పక్కన సాగే గీత మీది పొలుసులు లెక్కపెడితే మూడింటికీ 40కి కాస్త అటూ ఇటూగానే వస్తాయి, ఆ లెక్క ఒక్కటీ దేన్నీ తేల్చదు.

ఏ గుర్తు పనికొస్తుంది, ఏది పనికిరాదు అన్నదాన్ని శాస్త్రంగా చెప్పినవాళ్లలో 17వ శతాబ్దపు అన్నంభట్టు ఒకడు. తెలుగువాడు, తర్కం మొదలుపెట్టే విద్యార్థి చేతిలో మొదట పడేది ఆయన తర్కసంగ్రహమే. ఆ గ్రంథానికి తానే రాసుకున్న దీపికలో ఆయన లక్షణ దోషాలు, అంటే నిర్వచనంలో వచ్చే తప్పులు, మూడని చూపాడు. ఆవు అంటే కపిలవర్ణం గలది అంటే నల్లావు బయటపడుతుంది, అది అవ్యాప్తి. కొమ్ములున్నది అంటే గేదె లోపలికొస్తుంది, అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట గలది అంటే ఏ ఆవుకూ కుదరదు, అది అసంభవం. కొర్రమేనును ఇదే తూకంలో పెట్టవచ్చు. నీటి పైకొచ్చి గాలి పీల్చే చేప అని నిర్వచిస్తే మార్పు చేప, మట్టగిడస కూడా వచ్చి చేరతాయి. మూరెడు పొడుగుండేది అంటే పిల్లకొర్రమేనులన్నీ జారిపోతాయి. మీసాలు గలది అంటే ఒక్కటీ మిగలదు. చేపలను పోల్చే పుస్తకాల్లో తప్పులు చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒకటే.

లక్షణం కుదిరాక అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. నైయాయికుల లెక్కలో జాతి నిత్యం, ఒక్కటి, అనేక వ్యక్తుల్లో సమవేతమై, అంటే విడదీయరానట్టు కలిసి, ఉంటుంది. అయితే ప్రతి సామాన్య ధర్మమూ జాతి కాదు. కొన్ని వట్టి ఉపాధులు, అంటే పైనుంచి వచ్చి చేరిన గుర్తులు. వంటవాళ్లు ఎంతమంది ఉన్నా వంటవాడితనం జాతి కాదు. ఈ తేడాకు పులసను మించిన ఉదాహరణ దొరకదు. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. వరద నెలల్లో గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదితే పులస. 1822లో గంగానది చేపల మీద పుస్తకం అచ్చువేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ దీనికి ఇలిషా అని పేరిచ్చాడు, బెంగాలీల ఇలిష్ ఇదే. శాస్త్రజ్ఞుడికి అది ఒక్క జాతి. పులసత్వం నీటిని బట్టి వచ్చి పోయే ఉపాధి. పుస్తెలమ్మయినా పులస తినాలన్న సామెత మాత్రం జాతి కోసం పుట్టలేదు, ఆ ఉపాధి కోసమే పుట్టింది. ధవళేశ్వరం దగ్గర బేరమాడే మనిషికి విలసను పులస అని చెప్పి అంటగడితే తర్కం చెప్పి ఊరుకోబెట్టలేరు. అక్కడికి నివాసం పైపై గుర్తు అని తేలినట్టే ఉంటుంది, కానీ బొచ్చె మూతి దానికి ఒప్పుకోదు. పులసకు నీరు కొన్నాళ్ల మజిలీ, బొచ్చెకు నీటి అంతస్తు దవడ ఎముకలోకి దిగిపోయింది. నివాసం ఒకచోట ఉపాధి, ఇంకోచోట లక్షణం.

బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి దారి వేరు. మాట దేన్నీ నేరుగా పట్టుకోదని, కానిదాన్ని తోసేయడమే దాని పని అని ఆయన అపోహవాదం. గోవు అంటే అగోవు కానిది, అంతే. వింతగా తోచే ఈ మాట చేపలను పోల్చే పట్టిక దగ్గర చాలా సహజంగా కనిపిస్తుంది. మీసాలున్నాయా? లేకపోతే జెల్లలూ వాలుగలూ పోయాయి. పొలుసులున్నాయా? ఉంటే ఇంకొన్ని పోయాయి. ఒక్కో ప్రశ్నా కొన్నింటిని తోసేస్తుంది, చివరకు మిగిలినదానికి పేరు. మీమాంసకుడు కుమారిలభట్టు దీనికి వేసిన అడ్డు కూడా గట్టిదే: గోవు తెలియకుండా అగోవు ఎలా తెలుస్తుంది? పట్టిక రాసినవాడికి లేని చేప వలలో పడ్డప్పుడు ఆ అడ్డు అనుభవంలోకి వస్తుంది. బయటి నుంచి తెచ్చి మన చెరువుల్లో వదిలిన బంగారుతీగను పాత పట్టికతో పోల్చబోతే, తోసివేతలన్నీ సక్రమంగానే జరిగి, ఆఖరికి అది ఏదో ఒక దేశవాళీ చేప పేరుతో బయటికొస్తుంది. అందుకే మంచి పుస్తకాలు పట్టికతో ఆగకుండా ఒక్కో చేపకూ పూర్తి వర్ణన కూడా ఇస్తాయి. పోల్చే పనిలో దిఙ్నాగుడు, పోల్చింది సరో కాదో చూసుకునేటప్పుడు కుమారిలుడు కావలసివస్తారు.

జాతి నిత్యమన్న మాట మాత్రం చేపల దగ్గర నిలవదు. ప్రళయంలో ఒక్క ఆవూ లేకున్నా గోత్వం ఉంటుందని నైయాయికులు సమర్థించుకున్నారు. జీవశాస్త్రంలో జాతికి పుట్టుక ఉంది, అంతరించడం ఉంది. నైయాయికుడు ఉదయనుడు జాతికి బాధకాలుగా చెప్పిన ఆరింటిలో సాంకర్యం ఒకటి. విడివిడిగానూ ఉంటూ ఒకేచోట కలిసీ కనిపించే రెండు ధర్మాలు జాతులు కావు. మత్స్య శాస్త్రజ్ఞుడు హీరాలాల్ చౌధురి 1957లో పిట్యూటరీ గ్రంథి రసం సూదిమందుగా ఇచ్చి మన కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించాక, ఆ బాధకం హేచరీ తొట్టిలోకి దిగివచ్చింది. బొచ్చె, శీలావతి కలిస్తే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలు కూడా గొడ్డుపోవు. నియమాన్ని కచ్చితంగా పట్టుకుంటే బొచ్చెత్వం, శీలావతిత్వం రెండూ ఆ తొట్టిలోనే ఉపాధులైపోవాలి.

పొదిగి నాలుగు రోజులైన పిల్లల దగ్గర ఈ చిక్కు ఇంకా చిన్నదై, ఇంకా గట్టిదవుతుంది. వాటిని గిన్నెతో కొలిచి అమ్ముతారు. దారప్పోగంత ఒళ్లు, రెండు నల్ల చుక్కల్లా కళ్లు. పైకి తిరిగిన మూతీ లేదు, కుచ్చు పెదవీ లేదు, ఏ అంతస్తు నీరో తెలిపే గుర్తేదీ అప్పటికి కంటికి ఆనదు. కొనేవాడు అడిగేది తల్లిచేపలు ఏవని. జాతి అన్న మాటకు ధాతువు పుట్టుకే కాబట్టి ఆ ప్రశ్న వ్యాకరణానికి దగ్గరగానే ఉంది. జవాబు సరైనదో కాదో తెలియాలంటే మాత్రం పిల్లలకు మూతి వచ్చేదాకా ఆగాలి.