రెండవమారు చేతులుంచుట

ధ్యాన భాగము: మార్కు సువార్త 8:22–26



శస్త్రచికిత్స ముగిసి, కుట్లు విప్పించుకొని, క్షేమముగా ఇల్లు చేరిన క్యాన్సరు రోగికిని, వారి ఇంటివారికిని కొద్ది దినములలోనే క్రొత్త ప్రశ్న యొకటి ఎదురగును. కోసి తీసిన భాగమును పరీక్ష చేయించిన డాక్టరుగారు మరల పిలిచి, ఇంకను వైద్యము కావలెనని చెప్పుదురు. కొందరికి కీమో మందులు ఎక్కించవలెనందురు. కొందరికి రేడియేషను, అనగా పల్లెలలో "కరెంటు పెట్టుట" అను వైద్యము, చేయవలెనందురు. కొందరు స్త్రీలకు ఐదేండ్లపాటు దినమునకొక మాత్ర వ్రాసి యిత్తురు. "గడ్డ తీసివేసిరి గదా, దేవుడు స్వస్థపరచెను గదా, మరల ఇదెందుకు?" అని ఇంటిలో ఒకరందురు. "అప్పు చేసియైనను అన్నియు చేయింతము" అని మరియొకరందురు. రోగి మాత్రము ఏమియు మాటలాడక గోడవైపు తిరిగి పండుకొనును.

ఈ నెల మనము ఈ సంగతిని ఆలోచింతము. మేము వైద్యులము కాము. ఏ మందు ఎవరికి తగునో చెప్పుట మా పని కాదు. అయితే ఇంకను వైద్యము చేయించుకొనుట అవిశ్వాసమా? వద్దనుట పాపమా? ఆ తీర్మానము ఎవరిది? ఈ ప్రశ్నలు ఆసుపత్రిలో తేలునవి కావు. మన ఇండ్లలోను, మన సంఘములలోను తేలవలసినవి.

ఈ రోగము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. మన పెద్దలు దీనిని రాచపుండు అనిరి. చుట్టను నిప్పున్న కొన నోటిలోనికి పెట్టుకొని కాల్చు అడ్డపొగ అలవాటు ఉత్తరాంధ్రలో, ముఖ్యముగా పెద్దవయస్సు స్త్రీలలో, తరతరములుగా నున్నది. ఆ అలవాటు వలన కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సరు కలుగుచున్నదని 1957లోనే మన దేశపు వైద్య పత్రికలో వ్యాసము వెలువడెను. నోటి క్యాన్సరైనను, రొమ్ము క్యాన్సరైనను, నాతవరము మండలములోని మనవారు నర్సీపట్నము, అనకాపల్లి దాటి దూరము పోవలసినదే. కొందరు విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రికి పోవుదురు. కొందరు అగనంపూడిలో టాటా స్మారక కేంద్రము వారు నడుపుచున్న హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రికి పోవుదురు. అంత దూరము ఒకసారి పోయి వచ్చుటయే గొప్ప అనుకొన్నవారికి, మరల మరల రమ్మనుట పిడుగువంటి మాటయే.

గడ్డను తీసిన తరువాత వైద్యమెందుకు అనునది మంచి ప్రశ్న. దానికి జవాబు తెలియుటకు లోకమునకు చాలకాలము పట్టెను. 1890వ దశకములో అమెరికా దేశపు శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్, రొమ్మును, దాని క్రింది కండరములను, చంకలోని బిళ్ళలను కలిపి తీసివేయు పద్ధతిని ప్రకటించెను. ఎంత ఎక్కువ కోసిన అంత మేలని చాల దశాబ్దములు వైద్యులు నమ్మిరి. అయినను శుభ్రముగా కోసి తీసిన తరువాత కూడ కొందరికి ఎముకలలోను, ఊపిరితిత్తులలోను రోగము మరల కనబడుచుండెను. కత్తి పెట్టకముందే కంటికి కనబడని కణములు కొన్ని రక్తముతో పోయి దాగియుండునని క్రమముగా తెలిసెను. చేనిలో తుంగను పైకి కోసిన రైతు, దాని గడ్డ భూమిలో మిగిలియుండవచ్చునని ఎరుగును. ఇదియు అట్టిదే.

1976లో ఇటలీ దేశపు మిలాను నగరములో బొనడోన్నా అను వైద్యుడును ఆయన తోడివారును, చంకలోని బిళ్ళలకు రోగము ప్రాకిన స్త్రీలకు శస్త్రచికిత్స తరువాత మూడు మందులు కలిపి ఇయ్యగా, రోగము తిరిగి వచ్చుట తగ్గెనని ప్రకటించిరి. ఆ మూడు మందులలో ఒకటి మెథోట్రెక్సేటు. 1895లో మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల నుండి వచ్చిన మందు అది. ఆయన 1948లోనే కన్నుమూసిరి. తన పని ఎన్ని ఇండ్లకు మేలు చేయునో ఆయన చూడలేదు.

కావున రెండవ వైద్యము మొదటిదానిని త్రోసివేయునది కాదు. ఇక్కడ మన సంఘములలోని ఒక అలవాటును గూర్చి చెప్పవలసియున్నది. రోగి ఇల్లు చేరిన వెంటనే మనము కృతజ్ఞత కూడిక పెట్టుదుము. అది మంచిదే. అయితే ఆ కూడికలో ఆమెను నిలువబెట్టి, తాను సంపూర్ణముగా స్వస్థత పొందితినని సాక్ష్యము చెప్పింతుము. కుట్ల నొప్పి ఇంకను తగ్గలేదు. పరీక్ష రిపోర్టు ఇంకను రాలేదు. అయినను అందరి సంతోషము కొరకు ఆమె ఆ మాట పలుకును. మరుసటి వారము కీమో కావలెనని డాక్టరుగారు చెప్పినప్పుడు, ఆమెకు మందు కంటె తన సాక్ష్యమే ఎక్కువ భయము కలిగించును. "ఇప్పుడు ఆసుపత్రికి పోయిన, నేను చెప్పినది అబద్ధమందురేమో" అని ఆమె కుములును. మనము ప్రేమతో చేసిన పనియే ఆమె కాళ్ళకు బంధకమగును.

బేత్సయిదాలో ప్రభువు ఒక గ్రుడ్డివానిని బాగుచేసిన సంగతి చదువుడి. వానిని ఇతరులు తోడుకొని వచ్చిరి, వాని కొరకు ఇతరులే బ్రతిమాలిరి. అయితే ప్రభువు వాని చెయ్యి పట్టుకొని ఊరి వెలుపలికి నడిపించి, చేతులుంచిన తరువాత, ఏమైనను కనబడుచున్నదా అని వానినే అడిగెను. తోడుకొని వచ్చినవారిని అడుగలేదు. వాడు మొగమాటమునకు అంతయు బాగుగా కనబడుచున్నదని చెప్పలేదు. మనుష్యులు చెట్లవలె కనబడుచు తిరుగుచున్నారని, ఉన్నది ఉన్నట్లు చెప్పెను. ప్రభువు వాని మీద కోపగింపలేదు, నీకు విశ్వాసము చాలదనలేదు. రెండవమారు చేతులుంచెను. అప్పుడు వానికి తేటగా కనబడెను. ఆ తరువాత ఆయన వానిని ఊరిలోనికి పోనియ్యక, తిన్నగా ఇంటికి పంపెను.

ఈ భాగము క్యాన్సరును గూర్చి వ్రాయబడినది కాదు. అయినను ప్రభువు చేతులు రెండుమార్లు ఉంచుట సిగ్గు కాకపోయినయెడల, డాక్టరు రెండవ వైద్యము చెప్పుట మనకెందుకు సిగ్గు కావలెను? సగము కనబడుచున్నదని చెప్పుట అవిశ్వాసము కాకపోయినయెడల, "శస్త్రచికిత్స బాగుగా జరిగినది, ఇంకను వైద్యమున్నది, ప్రార్థన చేయుడి" అను సాక్ష్యము మన కూడికలో ఎందుకు చాలదు? హిజ్కియా రాజు బ్రదుకునని ప్రవక్త నోట వాగ్దానము వచ్చిన తరువాతనే ఆయన పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద పెట్టిరి. వాగ్దానము కలిగినందున మందు మానలేదు, మందు పెట్టినందున వాగ్దానము తగ్గలేదు.

ఇక తీర్మానము ఎవరిదను ప్రశ్న. మన ఇండ్లలో భర్తయో, పెద్దకుమారుడో, అన్నయో డాక్టరుగారితో మాటలాడుదురు. రోగికి మాత్రము "ఏదో చిన్న గడ్డ" అని చెప్పుదురు. ఆమె భయపడునని, మంచి మనస్సుతోనే దాచుదురు. అయితే వాంతులు సహింపవలసినది ఆమె, జుట్టు పోగొట్టుకొనవలసినది ఆమె. ఎందుకో తెలియని బాధను ఎవరు తుదవరకు సహింపగలరు? రెండు విడతలు కాగానే మానుకొనిన, ఆమె మొండిదని అందుము. నిజము తెలిసినయెడల ఆమె నిలిచియుండెడిదేమో. అడిగినవారందరిలో ప్రభువు గ్రుడ్డివానినే ప్రశ్నించెనని మరువకుడి.

తీర్మానించుటకు ముందు డాక్టరుగారిని అడుగవలసినవి కొన్ని యున్నవి. రిపోర్టులో ఏమున్నది? అంచులు శుభ్రముగా నున్నవా? బిళ్ళలలో ఎన్నింటికి రోగము ప్రాకెను? ఈ వైద్యము వలన లాభమెంత, బాధ ఎంత? చేయించుకొననియెడల ఏమగును? ఎంతకాలములో తీర్మానింపవలెను? ఈ చివరి ప్రశ్న ముఖ్యమైనది. నోటి క్యాన్సరునకు రేడియేషను అవసరమైనప్పుడు, శస్త్రచికిత్స జరిగిన దాదాపు 6 వారములలో మొదలుపెట్టుట మేలని వైద్యులు చెప్పుదురు. నాటుమందు వాడి చూతమని కాలము గడిపినయెడల ఆ అవకాశము చేయి దాటిపోవును.

లాభమెంత అనుదానికి ఒక ఉదాహరణ చెప్పుదుము. ఇది లెక్క తెలియుటకే గాని, ఎవరి రోగమునకును చెప్పిన అంకె కాదు. శస్త్రచికిత్స మాత్రమే జరిగిన 100 మందిలో 40 మందికి రోగము తిరిగి వచ్చుననియు, కీమో వలన అది 28కి తగ్గుననియు అనుకొందము. అప్పుడు 12 మందికి ఆ మందు మేలు చేసెను. 60 మందికి అది లేకున్నను రోగము తిరిగి రాదు. 28 మందికి అది తీసికొన్నను వచ్చును. ఆ 100 మందిలో తాను ఎవరో రోగికి ముందుగా తెలియదు, డాక్టరుకును తెలియదు. మరియొకరి విషయములో ఆ లాభము 100కి ఒక్కటే కావచ్చును. చిన్నపిల్లలున్న ముప్పది ఐదేండ్ల తల్లియు, గుండె బలహీనమైన ఎనుబది ఏండ్ల తాతయు ఒకే లెక్కను విని వేరు వేరు తీర్మానములు చేసిన, ఇద్దరును తప్పు చేసినవారు కారు.

కావున, అంతయు తెలిసికొని, ప్రార్థించి, "నాకు ఇంతవరకే చాలును" అను పెద్దవారిని అవిశ్వాసి యనకూడదు. అనేక రోగులను బాగుచేసిన పౌలు తన తోడివాడైన త్రోఫిమును రోగియైయుండగా మిలేతులో విడిచి వచ్చెను. తన శరీరములోని ముల్లు తొలగవలెనని మూడుమార్లు వేడుకొన్నను అది తొలగలేదు. వైద్యము వద్దన్నవారికి సేవ వద్దని అర్థము కాదు. నొప్పి తగ్గించు మందులు ఉన్నవి. వాటిని అడిగి ఇప్పించుట మన విధి.

అయితే "వద్దు" అను మాటలన్నియు ఒక్కటి కావు. "నా కొరకు మీరెందుకు అప్పులపాలు కావలెను?" అని తల్లి వద్దన్నప్పుడు, ఆమె వైద్యమును కాదనుట లేదు, మనకు భారమగుటను కాదనుచున్నది. ఆ మాటను ఆమె తీర్మానమని వ్రాసికొని ఊరకుండుట న్యాయము కాదు. ముందు భారము దించి, తరువాత ఆమెను మరల అడుగవలెను. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అను పేరుతో నడుచుచున్న ప్రభుత్వ పథకములో క్యాన్సరు శస్త్రచికిత్సయు, కీమోయు, రేడియేషనును ఉన్నవి. అయితే పోయిన కూలి, తోడు వచ్చినవాని తిండి, ఇంటియొద్ద పాడి పశువు, ఇవి మిగిలియుండును. నోటి క్యాన్సరునకు రేడియేషను సాధారణముగా వారమునకు 5 దినములు, దాదాపు 6 వారములు. నాతవరము నుండి ప్రతిదినము పోయి వచ్చుట రోగి వలన కాదు. రొమ్ము క్యాన్సరునకు ఇప్పుడు అనేకులకు 3 వారములే చాలుచున్నది. అయినను 3 వారములు తోడుండువారు కావలెను.

ఇదియే సంఘము పని. ఊడ్పుల కాలములో ఆ ఇంటి మడిని స్త్రీల సమాజమువారు ఊడ్చవచ్చును. యౌవనస్థులు వంతులు వేసికొని ఆసుపత్రికి తోడు పోవచ్చును. చదువు వచ్చిన బిడ్డ ఒక నోటు పుస్తకములో వైద్యపు తేదీలు వ్రాసిపెట్టవచ్చును. కీమో తీసికొనుచున్నవారికి జ్వరము వచ్చినయెడల, అది రాత్రియైనను, తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి చేర్చవలెనని అందరికిని తెలిసియుండవలెను. ఆదివారపు కానుకలో కొంత ఈ ప్రయాణముల కొరకు పెద్దలు వేరుచేయవచ్చును. ఇవన్నియు చేసిన తరువాత ఆమె ప్రక్కన కూర్చుండి, "అమ్మా, ఇప్పుడు నీకేమి తోచుచున్నది?" అని అడుగుడి. ఆమె అవునన్నను, కాదన్నను, అది అప్పుడు నిజముగా ఆమె మాట.

ప్రభువు ఆ గ్రుడ్డివానికి చూపు ఇయ్యకముందు చెయ్యి ఇచ్చెను. చూపునిచ్చుట మన చేతిలో లేదు. చెయ్యి ఇచ్చుట మన చేతిలో నున్నది.