పరీక్ష కష్టమును తూచుట ఎవరి పని?

విద్యార్థుల నోట తరచుగా వెడలు ప్రశ్న ఒకటి కలదు: "ఈ పరీక్ష కష్టమా, తేలికా?" ముప్పది సంవత్సరములుగా బడిలో పాఠములు చెప్పుచున్న నేను దీనిని ఎన్నిసార్లు వింటినో లెక్క లేదు. ఏదో ఒక సమాధానము చెప్పి ఊరకుందుము. కాని కష్టమనగా ఎవరి కష్టము? దానిని తూచు త్రాసు ఎవరి చేతిలో ఉండవలెను? ఈ చిన్న ప్రశ్నలో ఒక ధర్మసంశయము దాగియున్నదని నాకు కువైటులో తోచినది. దానినే ఈ సంచిక చదువు సోదర సోదరీమణుల ముందు ఉంచుచున్నాను. గుడి బడిలో ఆదివారములు నేర్చిన తెలుగు నాది. పెద్దలు ఆదరింతురు గాక.

నేను నేటాలు తెలుగువాడను. చెరకు తోటలకు ఒప్పందపు కూలిగా వచ్చినవాని మునిమనుమడను. ఉద్యోగరీత్యా ఇచ్చటికి వచ్చి ఒక పాఠశాలలో బోధించుచున్నాను. కువైటులో తెలుగువారు చాలామంది కలరు. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతముల నుండియు, గోదావరి జిల్లాల నుండియు వచ్చినవారు ఇండ్లలో పనివారుగను, డ్రైవర్లుగను, కట్టడపు కూలీలుగను ఉన్నారు. ఇంజనీర్లు, వైద్యులు, నర్సులును ఉన్నారు. అట్టి ఒక ఇంజనీరుగారి కుమారుడు నాకు పూర్వ విద్యార్థి. అతడు అమెరికాలో పాదవైద్యము చదువుచున్నాడు. రెండవ సంవత్సరము ముగించుకొని, జాతీయ మండలి పరీక్ష మొదటి భాగమునకు చదువుకొనుటకై కొన్ని వారములు తల్లిదండ్రుల యింటికి వచ్చెను.

పాదవైద్యమను మాట నేను కూర్చుకొన్నది. ఇంగ్లీషులో పొడియాట్రీ అందురు. కాలి గోళ్లు కత్తిరించు విద్యయని నవ్వువారు కలరు. వారికి ఒక లెక్క చెప్పెదను. ఒక్కొక్క పాదములో 26 ఎముకలు కలవు. రెండింటిలో 52. మనిషి దేహమందలి 206 ఎముకలలో నాలుగవ వంతు, నేలను అంటియుండు ఈ రెండు చిన్న అవయవములలోనే ఉన్నది. అమెరికాలో ఈ విద్యకు నాలుగేండ్ల కళాశాల, ఆపైన మూడేండ్ల ఆసుపత్రి శిక్షణ. పరీక్ష మూడు భాగములు. మొదటిది దేహనిర్మాణము, రోగకారణములు, మందుల స్వభావము మొదలగు మూలశాస్త్రములను అడుగును. రెండవది రోగిని చూచు తీరును అడుగును. మూడవది స్వతంత్రముగా వైద్యము చేయుటకు అనుమతి కోరువారికి.

ఆ కుర్రవాడు తన కళాశాలలో పై తరగతులవారిని ఎంతమందిని అడిగెనో, అన్ని సమాధానములు వచ్చినవట. ఒకడు "ఏముంది, మూడు వారాలు చదివితే చాలు" అనెను. ఇంకొకడు "నాకు ఆరు నెలలు నిద్ర లేదు" అనెను. తప్పినవాడు ప్రశ్నలు అన్యాయమనెను. ఇందులో ఎవరి మాట నమ్మవలెనని అతడు నన్ను అడిగెను.

ఎవరి మాటయు నమ్మదగినది కాదని నా అభిప్రాయము. వారు అబద్ధమాడుచున్నారని కాదు. తేలిక యన్నవాడు తన తెలివిని చెప్పుకొనుచున్నాడు. కష్టమన్నవాడు తన గెలుపునకు విలువ పెంచుకొనుచున్నాడు. తప్పినవాడు తన గాయమును కప్పుకొనుచున్నాడు. ముగ్గురును తమ్ము గురించియే పలుకుచున్నారు, పరీక్షను గురించి కాదు. నూటికి ఎందరు ఉత్తీర్ణులైరను లెక్కయు అంతియే. బాగుగా చదివినవారే కూర్చున్నచో ఎంత కఠినమైన పరీక్షలోనైనను దాదాపు అందరును గెలుతురు. ఆ సంఖ్య కూర్చున్నవారిని చెప్పును గాని ప్రశ్నపత్రమును చెప్పదు.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. మన పిల్లలకు పరీక్ష యనగానే ర్యాంకు జ్ఞాపకము వచ్చును. ఆంధ్రదేశమున ఈఏపీసెట్ వంటి ప్రవేశ పరీక్షలలో ఒకడు పైకి వచ్చిన మరియొకడు క్రిందికి దిగవలసినదే. సీట్లు లెక్కకు ఉన్నవి గనుక. వృత్తికి అనుమతినిచ్చు పరీక్ష అట్టిది కాదు. అందులో ఒక గీత ఉండును. దానిని దాటిన వారందరును లోపలికే. ఆ గీతను ఎక్కడ గీయవలెనను విషయమున విలియం ఆంగాఫ్ అను అమెరికా విద్వాంసుడు 1971లో వ్రాసిన పద్ధతి ఇప్పటికిని బహు దేశములలో వాడుకలో ఉన్నది. అనుభవజ్ఞులను కొందరిని కూర్చుండబెట్టి, కనీసపు యోగ్యత మాత్రమే గల అభ్యర్థిని మనసున ఊహించుకొనుమందురు. అట్టివారు నూరుగురుండగా ఈ ప్రశ్నకు ఎందరు సరియైన జవాబు వ్రాయుదురని ఒక్కొక్క ప్రశ్నకు అడుగుదురు. వారి అంచనాలను కూడి సగటు కట్టగా గీత ఏర్పడును. ఇది నాకు మిక్కిలి నచ్చిన పద్ధతి. లెక్కవలె కనబడునే గాని, దీని అడుగున ఉన్నది ఊహ: ఒక మనిషిని కన్నుల ముందు నిలుపుకొనుట. నాకున్న చింత యొక్కటే. వారు ఊహించునది అభ్యర్థిని. అభ్యర్థి చేతిలో తన పాదమును పెట్టబోవు వానిని ఎవరు ఊహింతురు?

అట్టివానిని నేను చూచితిని. ఆ ఇంజనీరుగారి యింటి డ్రైవరు రాజంపేట వైపువాడు, ఏబది దాటినవాడు, పదునాలుగు సంవత్సరములుగా ఇచ్చటనే ఉన్నవాడు. చక్కెర వ్యాధి కలదు. కుర్రవాడు అభ్యాసమునకై తెచ్చుకొన్న సాధనములలో సన్నని నైలాను పోగు ఒకటి ఉండెను. దానిని అరికాలికి ఆనించి నొక్కిన, పది గ్రాముల బరువు పడునప్పుడు అది వంగును. స్పర్శజ్ఞానము నిలిచియున్నవానికి ఆ తాకిడి తెలియును. కుర్రవాడు డ్రైవరును కూర్చుండుమని, చెప్పులు విడువుమనగా అతడు కాళ్లు వెనుకకు లాగుకొనెను. యజమాని బిడ్డ తన కాళ్లు ముట్టుటయా! మనవారికి కాళ్లు ముట్టుటలోని అర్థము వేరు గదా. పెద్దవానివి గనుక ముట్టవచ్చునని నేను చెప్పిన మీదట ఒప్పుకొనెను.

"కళ్లు మూసుకో అన్నా. తగిలినప్పుడల్లా చెప్పు" అని కుర్రవాడు బొటనవ్రేలి క్రిందను, చిటికెన వ్రేలి క్రిందను, మడమ దగ్గరను పోగును ఆనించుచు పోయెను. డ్రైవరు మాటాడలేదు. కొంత తడవునకు కన్నులు తెరువకయే అడిగెను: "ఇంకా మొదలుపెట్టలేదా నాయనా?"

ఆ గదిలో ఎవరును వెంటనే జవాబు చెప్పలేకపోయిరి. మరునాడు అతనిని ఆసుపత్రికి పంపిరి.

చక్కెర వ్యాధి ముదిరినప్పుడు కాలి నరములు మొద్దుబారును. మేకు గుచ్చుకొన్నను, చెప్పులో గులకరాయి చేరినను తెలియదు. రక్తప్రసారము తగ్గియున్నచో పుండు మానదు. చీము ఎముక వరకు పోయిన పిమ్మట కాలు తీసివేయుట తప్ప గత్యంతరము ఉండకపోవచ్చును. ఇది దూరదేశపు కథ కాదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో ప్రకటించిన అట్లాసు ప్రకారము కువైటు పెద్దలలో ఇంచుమించు నాలుగింట ఒకరికి ఈ వ్యాధి కలదు. మన సోదరులున్న మారిషస్‌లో ఐదుగురిలో ఒకరికి మించియే కలదు. కువైటులోని మిత్రిబాలో 2016 జూలై 21న ఎండ 53.9 డిగ్రీలు తాకినది. అట్టి నేలమీద చెప్పు లేని మొద్దుబారిన పాదము ఒక్క నిమిషములో బొబ్బలెక్కును. పాదము గలవానికి ఆ సంగతి రాత్రి స్నానమప్పుడు గాని తెలియకపోవచ్చును. మన గుడులలో నిప్పులు త్రొక్కు భక్తులకును ఒక మాట చెప్పవలసియున్నది. నొప్పి తెలియకుండుట ఎల్లప్పుడును అమ్మవారి కరుణయే యని తలంపరాదు. చక్కెర వ్యాధి ఉన్నవారు ముందుగా వైద్యునికి పాదములు చూపుట మంచిది.

నొప్పి యెట్టి రక్షకుడో లోకమునకు తెలిపినవారిలో పాల్ బ్రాండ్ వైద్యుడు ముఖ్యుడు. ఆయన మన చిత్తూరు పొరుగుననే ఉన్న వెల్లూరు ఆసుపత్రిలో 1946 నుండి పనిచేసెను. కుష్ఠరోగుల వ్రేళ్లు రోగము వలన వాటంతట అవియే రాలిపోవునని అందరును నమ్మియుండిరి. అట్లు కాదని, నొప్పి తెలియనందున కలిగిన గాయములే వాటిని తినివేయుచున్నవని ఆయన కనుగొనెను. తరువాత అమెరికాలో చక్కెర వ్యాధిగ్రస్తుల పాదములకును అదే సూత్రము వర్తించునని చూపెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. పంటివైద్యుడు పొరపాటు చేసిన రోగి కేక వేయును. ఆ కేకయే వైద్యునికి అప్పటికప్పుడు జరుగు పరీక్ష. మొద్దుబారిన పాదము గలవాడు కేక వేయడు. వైద్యుడు ఎముకకు అంటిన చీమును గుర్తింపకపోయినను, కట్టు బిగువుగా కట్టినను, ఆ డ్రైవరు నవ్వుచు నమస్కరించి వెడలిపోవును. అందుచేత ఈ ఒక్క వృత్తిలోనైనను రోగి వేయలేని కేకను పరీక్షయే ముందుగా వేయవలసియున్నది. ప్రశ్న కష్టముగా నున్నదని విద్యార్థికి తోచినప్పుడు, ఆ కష్టము అతనికి కలిగిన మేలు. తెలియనిది తెలియకున్నదని అతనికి తెలిసినది. ఏ ప్రశ్నయు కష్టముగా తోచని విద్యార్థిని చూచిన నాకు ఆ పోగు క్రింద మౌనముగా కూర్చున్న పాదము తలపునకు వచ్చును. అతడు అంతయు నేర్చియుండవచ్చును. మొద్దుబారియు ఉండవచ్చును.

మరియొక సంగతి. పరీక్ష వ్రాసి వచ్చినవారు జ్ఞాపకముంచుకొన్న ప్రశ్నలు చేతులు మారుట అంతటను ఉన్నదే. వృత్తి పరీక్షల మండలులు దీనిని నిషేధించినను ఆగుట లేదు. మా కుర్రవానికిని అట్టి కట్ట యొకటి చేరినది. అందరును చూచుచుండగా తానొక్కడు చూడకుండుట తెలివితక్కువ కాదా యని అడిగెను. న్యాయమైన ప్రశ్నయే, నీతి చెప్పి కొట్టివేయదగినది కాదు. గీత అందరికిని ఒక్కటే గనుక అతడు చూచినందున తోటివారికి నష్టము లేదు. మండలికి మాత్రము కోపము వచ్చును. ఇక నష్టము ఎవరికి? గీత దాటినవాడు గీతకు తగినవాడని నమ్మి కాలు చాపు వానికి. ఆ కట్ట మండలి నుండి దొంగిలింపబడినది కాదు, రాజంపేట డ్రైవరు నుండి దొంగిలింపబడినదని చెప్పితిని. అతడు దానిని చించివేసెనో దాచుకొనెనో నేను అడుగలేదు.

ఇంతమాత్రమున పరీక్షలు ఎంత కఠినమైన అంత మంచిదని నేననుట లేదు. మన చరిత్ర తెలిసినవాడెవడును అట్లనలేడు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ దర్బానునకు చేరినది మొదలు 1911 వరకు నేటాలునకు వచ్చిన 1,52,184 మంది ఒప్పందపు కూలీలును పరీక్షింపబడినవారే. రేవు దగ్గరి డిపోలో వైద్యుడు వారి దేహములను చూచెను. వారిని ఏ ప్రశ్నయు అడుగలేదు. పనికి వచ్చు దేహమా కాదా యని మాత్రమే చూచెను. తోటలకు చేరిన పిమ్మట వట్టికాళ్లతో తడినేల త్రొక్కగా అరికాలి చర్మము నుండియే కొంకిపురుగు లోపలికి చొచ్చి రక్తము త్రాగు సంగతిని విచారించినవారు బహు తక్కువ. నేటికిని గల్ఫు దేశములకు పోవు శ్రామికుడు స్వదేశముననే ఛాతీ ఎక్సరే, రక్తపరీక్ష ఇచ్చి బయలుదేరవలెను. పిదప మన బిడ్డలు చదువులకు దిగినప్పుడు ఎదురైన కష్టము పాఠములది కాదు, తలుపులది. దర్బానులో తెల్లవారు కానివారికి వైద్య కళాశాల 1951లో గాని తెరువబడలేదు. 1961లో భారతీయుల కొరకు వేరుగా కళాశాల పెట్టి రేవులోని సాలిస్‌బరీ దీవికి పంపిరి. పడవ యెక్కి చదువునకు పోయినవారు మనలో ఇంకను ఉన్నారు.

కావున రెండు కష్టములను కలిపి తూచరాదు. పాదములోని ఎముకలు, నరములు, రక్తనాళములు తమంతట తామే కష్టమైనవి. ఆ కష్టము పాదమునకు సంబంధించినది, దానిని తగ్గించుటకు ఎవరికిని హక్కు లేదు. రుసుము, వీసా, దూరప్రయాణము, మెలికపెట్టిన ఇంగ్లీషు, ఇవి పాదమునకు ఏమియు చేయవు. వీటి వలన ఆగిపోయినవాడు పరీక్షలో ఓడినట్లు కాదు. ఒక ప్రశ్న ఏ కోవకు చెందినదని సందేహము కలిగినప్పుడు, అది తెలియనివాని చేతికి ఆ డ్రైవరు కాలు ఈయవచ్చునా యని అడిగిన తేలిపోవును.

మన సభలు ఏటేట విద్యార్థివేతనములు ఇచ్చుచున్నవి. ఎక్కువ మార్కులు వచ్చినవారికి శాలువయు, చెక్కును ఇచ్చి ఫోటో తీసుకొందురు. నాకు ఇష్టమే. కాని వృత్తి పరీక్షలో ఒకసారి తప్పి, లోపము తెలిసికొని మరల చదివి, రెండవసారి కట్టవలసిన రుసుమునకు ఇంట అడుగ మొగము చెల్లని పిల్లలు మన కుటుంబములలో కలరు. వారి పేర్లు ఏ సంచికలోను అచ్చుపడవు. రాబోవు ఉగాది సమావేశమున ఆ రుసుము కొరకు ఒక చిన్న నిధిని, పేర్లు ప్రకటింపకుండ ఇచ్చునట్లు, ఏర్పరచు విషయమును కార్యవర్గము వారు చర్చకు పెట్టవలెనని కోరుచున్నాను. నా మొదటి చందాను కార్యదర్శిగారికి ఇదివరకే పంపితిని.