గేటు బయట మనిషి

మా వీధి చివర వైన్‌షాపు పక్కన పర్మిట్ రూమ్. రేకుల కప్పు, తడి సిమెంటు గట్టు, ప్లాస్టిక్ గ్లాసులు, ఉడికించిన శనగలు. కుర్చీలుండవు. మేస్త్రీ, నేను ఒకే గట్టుకి ఆనుకుని నిలబడతాం. “జర ఆ నీళ్ల ప్యాకెట్ ఇయ్యన్నా” అంటాడాయన. సమానత్వమంటే ఇదే కదా అని మురిసిపోయేవాణ్ణి.

మొన్నో రాత్రి ఆయన భార్య వచ్చి గేటు బయటే నిలబడింది. చూపంతా ఆయన చొక్కా జేబు మీదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది ఇలాంటి జేబుల కోసమే.

ఆ మురికి గోడలు నాకు ‘వాతావరణం’. ఆమెకి బియ్యం డబ్బులు. ఇద్దరు మగాళ్ల సమానత్వానికి బిల్లు ఆమె కడుతుంటే దాన్నేమనాలి?

తాగడం మానలేదు. మురిసిపోవడం మాత్రం మానేశాను.