మస్టర్లో లేని మనిషి

ఆ ఊరి పేరు చెప్పను. ఎందుకో మీకే తెలుస్తుంది. 2019 వేసవి, అనంతపురం జిల్లా. ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, మాట కలపడానికి, "పోయినేడు యాభై ఎనిమిది రోజులు ఉపాధి పనికి పోయినట్టున్నావు కదక్కా" అన్నాను. వేరుశనగ కాయలు ఒలుస్తున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"నీకెవురు చెప్పినారు మేడం?"

ఎవరూ చెప్పలేదు. ఆమె పేరు, చేసిన రోజులు, పడిన కూలి అన్నీ ఇంటర్నెట్‌లో, ఎవరైనా చూడగలిగే మస్టర్లలో ఉన్నాయి. ఆమె గడప తొక్కకముందే ఆమె లెక్కలు నా సంచిలో ఉన్నాయి. అది ఆమెకు తెలియదు.

నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లోని గంగమ్మ దగ్గర మొదలై, సింగమనేని నారాయణ కథల మీదుగా కరువు సాహిత్యం మీద పిహెచ్.డి. చేశాను. తర్వాత వలసలను అధ్యయనం చేసే ఒక భూగోళశాస్త్ర బృందంలో చేరాను. ఒకప్పుడు వలస గురించి రాయాలంటే పదేళ్ళకోసారి వచ్చే జనగణనో, ఊళ్ళో నెలల తరబడి మకామో దిక్కు. ఇప్పుడు సెల్‌ఫోన్ సిగ్నళ్ళు, ఉపగ్రహ చిత్రాలు, ప్రభుత్వ రికార్డులు లక్షల వరుసల్లో దొరుకుతున్నాయి. 2016-17 ఆర్థిక సర్వే రైల్వే అన్‌రిజర్వుడు టికెట్ల లెక్కలు తీసి, రాష్ట్రాల మధ్య ఏటా దాదాపు 90 లక్షల మంది పనికోసం కదులుతున్నారని అంచనా కట్టింది. పాత అంచనాల కంటే అది చాలా ఎక్కువ. లెక్కకు అందని కూలీలు లెక్కకు వచ్చారు. ఇది చిన్న సంగతి కాదు. కానీ ఆ టికెట్ మీద పేరుండదు. ఎక్కింది ఆడమనిషో మగమనిషో కూడా ఉండదు.

మా బృందం ఎంచుకున్నది ఉపాధి హామీ రికార్డు. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. మా లెక్క సులువు: వేసవిలో ఊళ్ళో పనిచేసిన మనిషి వలస పోలేదు.

కాయలు పక్కన పెట్టి ఆమె అసలు సంగతి చెప్పింది. ఆ వేసవంతా ఆమె మొగుడితో బెంగుళూరులో, కట్టే ఇళ్ళ దగ్గర ఇటుకలు మోసింది. ఇక్కడ మట్టి తవ్వింది ఆమె చెల్లెలు. మొగుణ్ణి వదిలి పుట్టింటికి వచ్చేసిన పిల్ల. కార్డు కుటుంబానికి ఇస్తారు. ఈ పిల్ల పేరున్న కార్డు అత్తగారింట్లో ఉండిపోయింది. "నువ్వు రాస్తే దాని కూలి పోతాది మేడం. నా పేరు తీసెయ్" అంది.

అంటే మా పటంలో ఆమె లేనిచోట ఉంది. ఆమె చెల్లెలు ఉన్నచోట లేదు.

పేర్లు ఊరు చెప్పకుండా ఈ తేడా బృందంలో చెప్పాను. లక్షల వరుసల్లో ఒక్క వరుస లెక్కలోకి రాదన్నారు. గణాంకాల పరంగా అది నిజమే. తప్పులు అటూ ఇటూ చెదిరి ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కానీ ఇది చెదిరిన తప్పు కాదు. కుటుంబాన్ని విడిచొచ్చిన ఆడదానికి లెక్కలో చోటు లేకపోవడం వల్ల పుట్టిన తప్పు. ఒకే వైపు వాలిన తప్పు డేటా పెరిగేకొద్దీ తగ్గదు, నమ్మకంగా కనబడుతుంది. ఫోన్ల డేటాకూ ఇదే ప్రమాదం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్ళు 48.8 శాతం, ఆడవాళ్ళు 21 శాతం. ఎక్కడా నిలబడకుండానే అంతా చూస్తున్నామనే శాస్త్రపు భ్రమను డోనా హారవే 1988లోనే ప్రశ్నించింది. ఆ భ్రమకు ఇప్పుడు కంప్యూటర్ తోడయింది.

అయితే దీనికి మందు ఊళ్ళోకి వెళ్ళి మనుషులతో మాట్లాడడమే అని ముగించలేను. మాట్లాడాను కనుకనే ఆ చెల్లెలి కూలి నా చేతిలోకి వచ్చింది. మస్టరు చెప్పలేని నిజాన్ని నేను చెప్పగలను, చెబితే ఒక మనిషి కడుపు మీద కొట్టినట్టే. సామాజిక తనిఖీల్లో మస్టర్లను ఊరి మధ్య చదివి వినిపించే మంచి పద్ధతి మన రాష్ట్రంలో ఉంది. ఎన్నో దొంగ లెక్కలు అలా బయటపడ్డాయి. కానీ ఈ వరుసను అలా చదివితే బయటపడేది ఆ పిల్లే. స్త్రీల జీవితాలను వెలుగులోకి తేవాలని ఇన్నేళ్ళుగా రాస్తున్నాం. వెలుగు పడకుండా ఉండడం వల్లే బతుకుతున్న వాళ్ళ సంగతి మనం తగినంత ఆలోచించామా?

ఆ వరుసను నా ఫైల్లోంచి తీసేశాను. పటంలో రంగేమీ మారలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టాన్ని తీసేసి వేరే చట్టం చేసింది. ఇక రాసినా పోయే కూలి లేదనిపించాకే, అదీ ఊరు చెప్పకుండా, ఇది రాస్తున్నాను. ఆమెను అడిగి రాయలేదు. ఆ తప్పు మాత్రం డేటాది కాదు, నాది.